చౌడు పోయడానికి కాగితం అక్కర్లేదు

మట్టి మిద్దె మీద ఏటా కొత్త చౌడు పోసుకోవడానికి ఆ రోజుల్లో ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎన్ని గంపలు పోసినా అడిగేవాడు లేడు. ఆ చౌడంతా దించి, పుచ్చిన దూలాలు పీకేసి, ఇంటికి కొత్త కప్పు వేసుకుంటామంటే మాత్రం మున్సిపల్ ఆఫీసు కాగితం కావాలి. నెత్తిన బరువు పెంచుకోవడం మన ఇష్టం. దించుకోవడం ఆఫీసు ఇష్టం. ఈ నిబంధన మా నాయనను చంపింది. దానికి నేను సాయం చేశాను.

డెబ్బైల చివరి మాట ఇది. ఆదోనిలో మా వీధి ఇళ్లన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నిలబడ్డట్టు ఉండేవి. మా ఇంటికీ పక్కింటికీ మధ్య గోడ ఒకటే. ఇటు మా దూలాలు, అటు వాళ్ల దూలాలు దాని మీదే ఆనించి ఉండేవి. పక్కింటాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ముందరి గదే ఆయన అంగడి. నేను ఆయనను మామా అనేవాణ్ని, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. వాళ్ల పండగలు వేరు, మా పండగలు వేరు. చౌడు పోసే రోజు మాత్రం రెండిళ్లకూ ఒకటే. ఎండలు ముదిరి, మొదటి మబ్బు కనిపించేలోపల ఊరి బయటి నుంచి బండిలో చౌడు తోలించేవాళ్లు. మా నాయన కింద నుంచి గంప అందిస్తే మామ పైన నిలబడి పరిచేవాడు.

ఆ తెల్లటి ఉప్పుమట్టి వాన పడగానే మెత్తబడి బీటలు పూడ్చుతుంది. ఆ ఏటికి ఇల్లు కురవదు. మరుసటి ఏడు మళ్లీ కురుస్తుంది, మళ్లీ పోస్తారు. పాతది తీసి కొత్తది పొయ్యాలని ఎవరూ అనుకోలేదు. తియ్యడమంటే మిద్దె విప్పడమే, విప్పితే ఆఫీసు. మా తాత కాలంలో జానెడున్న మట్టి నా కాలానికి మోకాటి లోతయింది. ఒక వేసవి నేను పైకెక్కి గడ్డపార దించి చూశాను. మోకాటి దాకా దిగాకగాని కింది కర్రలకు తగల్లేదు. కింద, మా నాయన పడుకునే చోట, ఒక దూలం నడిమికి చిట్లి ఉంది. ఆయన దానికి ఒక గుంజ ఆనించి, ఆ గుంజకే చొక్కా తగిలించుకునేవాడు.

మా వీధి దీనికొక దారి కనిపెట్టింది. రెండు దూలాల నడుమ జాగాను అంకణం అంటారు. మరమ్మతు అని అర్జీ పెట్టి, ఒక వేసవిలో ఒక్క అంకణం విప్పుతారు. మరమ్మతుకు ప్లాను అక్కర్లేదు. ఓవర్సీరు ఆ ఒక్క అంకణం చూసి పోతాడు. పై వేసవికి ఇంకొకటి. నాలుగైదేళ్లలో ఇంటి మీద నాపబండల కప్పు కొత్తగా మెరుస్తుంటుంది. ఆఫీసు కాగితాల్లో మాత్రం పాత మట్టిమిద్దె పాతగానే ఉంటుంది.

నాకది అసహ్యం. నేను ఎమ్మిగనూరులో పంతులుగా పనిచేస్తూ, ఆదివారాలు చర్చా సభల్లో మాట్లాడేవాణ్ని. వాస్తు పండితుణ్ని వేదిక మీదే నిలబెట్టి మాటలతో తోలు వలిచేవాణ్ని. అబద్ధం చిన్నదైనా పెద్దదైనా దొరికిన చోటే దాని గొంతు పిసకాలన్నది నా వాదం. అలాంటివాడు సొంత ఇంటి అర్జీలో మరమ్మతు అని ఎలా రాస్తాడు?

నేను రాస్తుంటే మా నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు.

“కప్పు మొత్తం తీస్తామని రాస్తాండావా?”

“చేసేది అదే కదా నాయనా.”

“సేసేది అదే. రాసేది అది కాదు. వాళ్లకు నిజం సెప్తే దాన్నేం సేసుకోవాల్నో తెలీదురా. గోడ కొడతారు.”

“చట్టమనేది ఒకటుంది.”

“ఉండాది. అదెప్పుడన్నా మిద్దె కింద పండుకునిందా?”

నేను నవ్వి సంతకం చేశాను.

పది రోజులకు ఓవర్సీరు టేపుతో, ఎర్రరంగు డబ్బాతో వచ్చాడు. కప్పు మొత్తం మార్చితే అది కొత్త ఇంటి కిందికి వస్తుందన్నాడు. కొత్త ఇంటికి ముందరి గోడ వెనక్కి జరిపి వీధికి జాగా వదలాలి. మధ్య గోడ ఉమ్మడిది కాబట్టి పక్కింటాయన సంతకం కావాలి. ఆ గోడతోపాటు ఆయన ముందరి గోడనూ కొలవాలి. మా గోడ మీద ఒక ఎర్రగీత, మామ అంగడి గోడ మీద ఒక ఎర్రగీత గీసిపోయాడు. ఆ వెనకే నోటీసు వచ్చింది. అనుమతి తేలేవరకు కప్పును విప్పరాదు, మరమ్మతు సైతం చేయరాదు.

మరునాడు పొద్దున్నే మామ గడ్డపార పట్టుకుని మా గడప ముందు నిలబడ్డాడు.

“కాగితం రాసింది ఎవరు?”

“నేనే మామా. నువ్వు సంతకం పెడితే...”

“పెడితే నా అంగడి పాయ. పెట్టకపోతే మీ మిద్దె పాయ. ఇంత సదువు సదివి ఈ పాటి లెక్క తెలీలేదా సారూ నీకు?”

అల్లుడా అని కాక సారూ అనడం నాకు చెంపదెబ్బలా తగిలింది. “నీ అంగడి వీధిలోకి వచ్చిన మాట అబద్ధమా?” అన్నాను.

గడ్డపార లేచింది. నా మీదికి కాదు, మా వాకిలి చట్రం మీదికి. చెక్క పగిలి పెచ్చు నా నుదుటికి గుచ్చుకుంది. కంట్లోకి నెత్తురు దిగగానే నాలోని చర్చావేదిక ఎటుపోయిందో పోయింది. ఆయన నోటి మీద పిడికిలితో గుద్దాను. పన్ను ఊడి నా వేళ్లు చీరుకుపోయాయి. ఆయన నా జుట్టు పట్టుకుని తలను ఆ ఉమ్మడి గోడకే రెండుసార్లు కొట్టాడు. మూడోసారికి మా నాయన నడుమకు దూరాడు. మామ చేతిలో తిరుగుతున్న గడ్డపార ఆయన భుజానికి తగిలింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

మా నాయన నేల మీద కూలబడి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

“కొట్టుకోండప్పా,” అన్నాడు. “మిద్దె పడేదాకా గూడా ఆగలేకుండారు.”

ఆ ఏడు చౌడు పోసే రోజు రాలేదు. మా నాయన చెయ్యి లేవదు. మామ మా గడప తొక్కడు. ఇంకొక్క గంప కూడా పొయ్యొద్దని నేను గట్టిగా చెప్పాను. మొదటి జల్లుకే ఇల్లు నాలుగు చోట్ల కురిసింది. నేను ఎమ్మిగనూరు పోయిన ఒక రోజు మా నాయన ఇద్దరు కూలీలను పిలిచి, రెండేళ్ల చౌడు ఒకేసారి పోయించాడు. విప్పడానికి లేదు, బాగుచెయ్యడానికి లేదు. పొయ్యడాన్ని మాత్రం నోటీసు వద్దనలేదు. భయపడిన మనిషి తనకు మిగిలిన ఒకే ఒక్క పని చేశాడు. నేను వచ్చి చూసి అరిచాను. అరిచి, ఆ ఆదివారం మళ్లీ సభకు పోయాను.

సభ నడుస్తుండగా వాన కుండపోతగా కొట్టింది. వాస్తు దోషాలకు ఇళ్లు కూలవని నేను బల్ల గుద్ది చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. నేను చెప్పింది నిజమే, ఈ రోజుకీ నిజమే. మా ఇంటిని గ్రహం కూల్చలేదు. మట్టి కూల్చింది, తడిసిన మట్టి.

బస్సు దిగి వచ్చేసరికి మా ఇంట్లోంచి ఆకాశం కనబడుతోంది. వీధివాళ్లు దూరంగా నిలబడి ఉన్నారు. మామ ఒక్కడే లోపల, నడుము లోతు మట్టిలో, దూలం కింద గడ్డపార దూర్చి ఒళ్లంతా ఆనించి ఎత్తుతున్నాడు. రెండు చేతుల గోళ్లూ లేచిపోయాయి. నేను కూడా పట్టాను. దూలం దొర్లింది. గుంజ విరిగి మా నాయన పక్కటెముకల్లో దిగి ఉంది. చొక్కా ఇంకా దానికే ఉంది. ఆయన నోటి నిండా చౌడు. మామ వేలు పెట్టి దాన్ని తోడుతున్నాడు.

“ఊపిరి తీసుకో అన్నా. ఇంగ కొంచెమే ఉండాది. తీసుకో.”

ప్రాణం పోయి చాలాసేపయిందని ఆయనకూ తెలుసు. నోరు శుభ్రమయ్యేదాకా తోడుతూనే ఉన్నాడు. వెనక నుంచి ఎవడో, చెడ్డ గడియలో ఇంటి పని తలపెట్టినాడు, అన్నాడు. నేను వెనక్కి తిరిగి ఆ మాట వచ్చిన మూతి పగలగొట్టాను. అది వాదం కాదని నాకు తెలుసు.

మరునాడు ఓవర్సీరు వచ్చి, తడి మట్టి మీద నిలబడి రిపోర్టు రాసి, నన్ను సంతకం పెట్టమన్నాడు. చదివాను. యజమాని మిద్దెపై పరిమితికి మించి మట్టి పోసినందున కూలినది, అని ఉంది.

“పరిమితి ఎంత?” అన్నాను.

“అంటే?”

“ఎన్ని గంపల దాకా పొయ్యొచ్చు? నిబంధనల్లో యాడుందో చూపించు.”

“అదేం రాసుండదు సార్. ఊరికే అట్లా రాస్తాం.”

ఆయన కనుబొమ ఎప్పుడు చిట్లిందో నాకు గుర్తు లేదు. గోడకు ఆయన తల కొడుతున్నానన్నది మాత్రం గుర్తుంది. అది ఆ గోడే. నా తల తగిలిన మరక పక్కనే ఆయన మరక పడింది. స్టేషన్‌లో నన్ను బోర్లా పడుకోబెట్టి అరికాళ్లు వాచేదాకా కొట్టారు. సాయంత్రం మామ వచ్చి, పన్ను లేని నోటితో చాలా మర్యాదగా సాక్ష్యం చెప్పాడు.

“ఆయప్ప కాలు జారి పడినాడు సార్. ఇల్లంతా బురద గదా. ఈ పిల్లోడు పట్టుకోబోయినాడు.”

అక్కడే ఉన్న ఓవర్సీరు కూడా తలకాయ ఊపాడు. కేసయితే ఆ రిపోర్టును పైవాళ్లు చదువుతారు, అది ఆయనకూ ఇష్టం లేనట్టుంది. అబద్ధాన్ని దొరికిన చోటే చంపాలనే నేను నోరు మూసుకుని కుంటుకుంటూ బయటికొచ్చాను.

పై వేసవి మామ నా దగ్గరికి ఒక తెల్లకాగితం తెచ్చాడు. మా వైపు ఆసరా పోయాక ఆ గోడ ఒకవైపుకు వాలింది. ఆయన దూలాలూ చిట్లుతున్నాయి. ఆ కింద ఆయన ముసలి తల్లి పడుకుంటుంది.

“ఏమని రాయాల మామా?”

“నువ్వే సెప్పు అల్లుడా. సదువుకున్నోనివి.”

ఒక్క అంకణం మరమ్మతు, అని రాశాను. బతికున్న మనిషిని బతికించని నిజానికి నేను అప్పుపడి లేను. ఆ మాట తర్వాత చాలా సభల్లో చెప్పాను. చప్పట్లు తక్కువగా వచ్చాయి.

ఓవర్సీరు వచ్చాడు. కనుబొమ మీద మచ్చ అట్లాగే ఉంది. విప్పిన ఒక్క అంకణం చూసి, నా వైపు చూడకుండా సంతకం చేసి దిగిపోయాడు. మామ మిద్దె అంచున నిలబడి, ఆయన పోయే వైపే చూస్తూ అడిగాడు.

“రెండోది పై ఏడే కదా?”

ఓవర్సీరు ఇంకా వీధి మలుపు తిరగలేదు. నేను రెండో అంకణంలో గడ్డపార దించాను.