మూసిన పిడికిలి

గుజరాత్‌లోని భావనగర్‌లో, ఇంట్లోవాళ్లు అమ్మా అన్నట్టు 'బా' అని పిలిచే జసుమతిబాకి ఆకలి సాయంత్రం నాలుగింటికి వేస్తుంది. భర్త ఉన్నన్నాళ్లూ ఆ వేళకే దుకాణం నుంచి శనగపిండి జంతికల్లాంటి వేడివేడి గాఠియా పొట్లంతో వచ్చేవాడు. ఆయన పోయాక ఆమె చెయ్యి దానంతటదే గాఠియా డబ్బాలోకి పోతుంది. సగం ఖాళీ అయ్యేదాకా తింటున్నట్టే తెలియదు. చక్కెర జబ్బుకి ఇప్పటికే ఒక కాలివేలు తీసేశారు. కోడలు మృదుల డబ్బాని అటకెక్కిస్తే, బా కుర్చీ వేసుకుని ఎక్కింది. "పడితే నడుము విరుగుతుంది బా! కొండెక్కే యాత్ర కూడా ఇంత హుషారుగా చెయ్యలేదు మీరు" అని కోడలు నవ్వి, డబ్బాని మళ్లీ కిందే పెట్టింది.

ఊళ్లో విడిది చేసిన జైన సాధ్వీజీ ఈ సంగతి విని మాత్రం తిట్టలేదు, మానెయ్యమనీ అనలేదు. "ఏది తినబోయినా ముందు పిడికిలి మూసి మూడుసార్లు నవకార మంత్రం చెప్పుకో తల్లీ, ఆ తర్వాతే విప్పు" అని వ్రతమిచ్చింది. ఆ సాయంత్రం బా డబ్బా ముందు కూర్చుని పిడికిలి మూసింది. మొదటి నవకారం గబగబా దొర్లిపోయింది. రెండోది నెమ్మదిగా సాగింది. మూడోది సగంలో ఆగిపోయింది, కళ్లలోంచి నీళ్లు కారాయి. మృదుల పిండి చేతులతోనే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏంటి బా, అంత ఆకలిగా ఉందా?"

"ఆకలి కాదే తల్లీ. మీ మావయ్య ఇంక రారు కదా."

ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ పైకి అనని మాట అది. "వచ్చేటప్పుడు ఏమనేవారు బా?" అంది కోడలు, మెల్లగా.

"గుమ్మంలోంచే కేక... 'జసూ, గాఠియాలోకి మిరపకాయలు వేయించు!' అని. వీధి వీధంతా వినపడేదే!"

బా ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే చెప్పుకుపోయింది. మూడో నవకారం ఆ పూటకి సగంలోనే ఉండిపోయింది.