ఖాళీ బిళ్ళకూ ముళ్ళే

నా పీహెచ్‌డీ గైడుకు సైన్సు కంటే వాస్తు మీద నమ్మకం ఎక్కువ. హిందూపురంలో మా కాలేజీకి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు వచ్చినప్పుడు, కరెంటుతో నడిచేది కాబట్టి ఆగ్నేయ మూలే సరి అని పట్టుబట్టి అక్కడే పెట్టించాడు. ఆ గోడ అవతల రైలు పట్టాలు. నేల అదిరితే ఫోటోలు చెడిపోతాయని చెప్పి చూశాను. "ఏమ్మా, నాకే పాఠం చెప్తాండావా?" అన్నాడు.

నా పరిశోధన తెల్ల రక్తకణాల మీద. మామూలుగా నున్నగా ఉండే కణం, రోగక్రిమి జాడ తెలియగానే ఉబ్బి, ఒళ్ళంతా ముళ్ళుముళ్ళుగా లేస్తుంది. దాన్ని ఫోటోల్లో నిరూపిస్తేనే నాకు డాక్టరేటు. ధర్మవరంలో మగ్గం నేసే మా నాయన అప్పటికే వీధంతా చెప్పేశాడు.

గూడ్సు బండి పోతుండగా తీసిన ఫోటోలో కణం అంచు రంపంలా వచ్చింది. "చూడు, ఎట్ల లేచుండాదో!" అని గైడు మురిసిపోయాడు. రోగక్రిమి తగలని మామూలు కణం ఫోటో చూపించాను. దానికీ అదే రంపం. "అదీ లేచుంటాదిలే" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! కడుపు మండి, కణాలను అతికించే లోహపు బిళ్ళను కణమే లేకుండా ఖాళీగా పెట్టి, ఇంకో బండి పోతుండగా ఫోటో తీశాను. దానికీ ముళ్ళే. ఈయన లెక్కన లోహం కూడా జబ్బుతో పోరాడుతోందన్నమాట. ఇంత చదివినా బుర్రకు ఒక్క ముక్క ఎక్కని మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

డాక్టరేటు చివరి పరీక్షకు బయటి నుంచి పెద్దలు వచ్చారు. గైడు ఆ రంపం ఫోటోనే తెర మీద వేయించాడు. ఇది నిజంగా కణంలో వచ్చిన మార్పేనా అని ఒకాయన నన్ను అడిగాడు. గైడు కళ్ళతోనే బెదిరించాడు. ఔనంటే డాక్టరేటు చేతికొచ్చేది. ఖాళీ బిళ్ళ ఫోటో వేసి, "ఇందులో కణమే లేదు సార్. అదిరేది గది" అన్నాను.

అంతా మళ్ళీ మొదటి నుంచి చేయమన్నారు. "నా పరువు తీసినావు. ఇంగ నీకు యాడా గైడు దొరకడు" అన్నాడాయన. గది మార్చే మాట మాత్రం అప్పుడు కూడా ఆ నోట రాలేదు.

రైల్లో పెనుకొండ దాటినా ఏడుపు ఆగలేదు. ధర్మవరం స్టేషనులో నాయన మైసూరుపాకు పొట్లంతో నిలబడి ఉన్నాడు.

"అయిపాయనామ్మా?"

"లేదు నాయనా. నా నోటితోనే చెడగొట్టుకొంటి."

జరిగింది చెప్పాను. ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. పొట్లం విప్పి ఒక ముక్క నా చేతిలో పెట్టాడు.

"తిను. ఈదిలో ఇంగోసారి పంచుదాంలే."

నేను తినలేకపోయాను.