కాలేజీ గేటెదురు అంగడి

కాలేజీ ఎంచుకోవడంలో నేను వెలగబెట్టినంత ఘనకార్యం మా చింతామణి తాలూకాలో మరెవరూ చేసి ఉండరు. నవ్వండి, ఫర్వాలేదు. ఇప్పుడు నాకూ నవ్వే వస్తోంది.

డెబ్బైల చివర్లో పీయూసీ గట్టెక్కి, చదివితే ఆటల నిర్వహణ డిగ్రీయే చదవాలనుకున్నాను. మెడలో ఈల వేసుకుని జనంచేత ఆటలాడించే ఉద్యోగం! అసలు కారణం మాత్రం మా నాన్న కిరాణా అంగడి. ఈ చదువు కుదరకపోతే జీవితమంతా బెల్లం దిమ్మెల పక్కన ఈగలు తోలుకుంటూ కూర్చోవాలి.

"ఆటలకు గూడా డిగ్రీ ఉండాదా?" అన్నాడు నాన్న.

"ఉండాది నాయనా. రెండు కాలేజీలుండాయి."

ఒకటి బెంగళూరులో, ఇంకొకటి చిక్కబళ్ళాపురంలో. నోరు మూసుకుని బెంగళూరు బస్సెక్కి ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు తెలివి ఎక్కువ కదా! పెళ్లి సంబంధమైనా, కొత్త బేరమైనా నాన్న అసలు మనిషిని అడగడు. వాళ్ల ఎదురు అంగడివాణ్ణి అడుగుతాడు. ఆయన పద్ధతిలోనే ఆయన్ని పడగొడదామనుకున్నాను.

"కాలేజోళ్లు వాళ్ల గురించి మంచే చెప్తారు నాయనా. గేటెదురుగా అంగడుంటాది గదా, ఆడ అడుగుదాం రా."

నాన్న మొదటిసారి నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. ఆ ఒక్క చూపుకే పొంగిపోయాను, వెధవని.

దగ్గరని ముందు చిక్కబళ్ళాపురం పోయాం. కాలేజీ ముందు ఒకే ఒక్క అంగడి, దాని చుట్టూ తోపులాట. కన్నడంలో పలకరించిన యజమాని మా మాట వినగానే తెలుగులోకి దిగాడు.

"మాది బాగేపల్లి అప్పా. మీది యాడ?"

"చింతామణి. కాలేజీ ఎట్లుండాది?"

"బంగారమప్పా! తెల్లారకముందే పరిగెత్తిస్తారు. పొద్దెక్కేసరికి పిల్లోళ్లు ఆకలితో నా మీద పడతారు. బన్నులు చాలవు, అరటిపండ్లు చాలవు. సాయంత్రమైతే నొప్పుల నూనె!"

"నూనె గూడా పోతాదా?" అన్నాడు నాన్న.

"తెచ్చింది తెచ్చినట్టే పోతాది!"

ఆ నూనె ఎందుకంతగా పోతోందో నాకు తట్టలేదు. నాన్నకు మాత్రం ఏదో తట్టింది. కాలేజీలోకి తొంగి కూడా చూడకుండా "ఈడనే చేరు" అన్నాడు. సంతోషంతో నా కళ్లు చెమర్చాయి. అంగడి పీడ వదిలింది!

చేరిన వారానికే నూనె సంగతి నా పిక్కలు వివరంగా చెప్పాయి. అయినా ఓర్చుకున్నాను. ఈగలు తోలడం కన్నా నయమే కదా.

రెండో నెలలో ఒకనాడు కుంటుకుంటూ గేటు బయటికి వస్తే, ఎదురుగా కొత్త అంగడి. అందులో మా నాన్న తక్కెడ కట్టిస్తున్నాడు.

"ఇదేంది నాయనా!"

"ఇంత బేరముండే చోట ఒగటే అంగడంటే పాపం గదరా? చింతామణిలో మీ చిన్నాయన చూసుకుంటాడు. నీ పరుగులైనాక వచ్చి కూచో."

కూర్చున్నాను. మూడేళ్లు. తోటివాళ్లు సాయంత్రాలు ఈలలూదడం నేర్చుకుంటుంటే నేను వాళ్ల పిక్కలకు నూనె అమ్మాను. డిగ్రీ చేతికొచ్చేనాటికి బేరం ఎంత పెరిగిందంటే, నన్ను లేవనిచ్చేవాళ్లే లేరు.

ఆ తక్కెడ సాక్షిగా ఒట్టేసుకున్నాను: ఈ జన్మలో వ్యాపారం తెలిసినవాణ్ణి ఎవరినీ కాలేజీ గేటు దాకా తీసుకుపోను. ఆ ఒట్టుకు కట్టుబడే, మా అబ్బాయి కాలేజీ చూడబోయినప్పుడు నేను ఇంట్లో ఉండిపోయాను. వాడు తిరిగొచ్చాక మాత్రం, ఎదురుగా అంగడేమైనా ఉందా అని అడిగాను.