మార్త పేరున్న రేకు

తాండూరులో బండల పాలిష్ పని మానేశాక, యాకోబు ఇంటి వెనక షెడ్డులో అల్యూమినియం నేమ్‌ప్లేట్లకు అనోడైజింగ్ చేసి రంగు పట్టించేవాడు. యాసిడ్ తొట్టి, కరెంటు తీగలు అతని పని. దానికి ముందు రేకును శుభ్రం చేసేది అతని భార్య మార్త. సబ్బుతో జిడ్డు వదలగొట్టి, కాస్టిక్ సోడా నీళ్లలో ముంచి, పైన పట్టిన మసిని కడిగి, చివరికి నీళ్లు పోసి చూసేది. నీళ్లు పొరలా పరుచుకోకుండా ఎక్కడైనా చుక్కలుగా విడిపోయాయంటే ఒప్పుకునేది కాదు.

"ఇంక జిడ్డున్నది. మల్ల కడుగుత, ఆగు" అనేది. తొమ్మిదేళ్లలో ఒక్క రేకు మీదా రంగు మచ్చపడలేదు.

మొన్నటి వానల్లో డెంగీ జ్వరమొచ్చి ఐదు రోజుల్లో పోయింది మార్త.

జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడింది. వికారాబాద్‌లో నర్సింగ్ చదివే కూతురు ప్రియదర్శిని వచ్చి, "సమాధికి రాయి చెక్కిద్దాం నాయినా" అంది.

"వద్దు బిడ్డా. మీ అమ్మ పేరు నేనే చేస్త."

అక్షరాలు చక్కగానే చెక్కాడు. మొదటి రేకు సోడాలో ఎక్కువసేపు ఉండిపోయి అక్షరాల అంచులు కరిగిపోయాయి. భయపడి రెండోదాన్ని తొందరగా తీస్తే రేకు మీద పడ్డ గీతలు పోకుండా అట్లాగే మిగిలాయి. యాకోబు తొట్టి పక్కన కూలబడ్డాడు.

"తొమ్మిదేండ్లు పక్కనే ఉన్న. ఎంతసేపు ముంచుతవని ఒక్కనాడు అడగలే బిడ్డా."

"అమ్మ గడియారం ఎన్నడన్న చూసిందా నాయినా? ముంచంగనే పాట అందుకుంటుండె. రెండు చరణాలు అయినంక తీస్తుండె."

యాకోబు తెల్లబోయాడు. "ఉత్తగ పాడుకుంటున్నదనుకున్న" అన్నాడు.

మూడో రేకు ముంచి ప్రియదర్శిని పాట ఎత్తుకుంది. రెండో చరణం సగంలో ఏడుపొచ్చి ఆగిపోయింది. రేకు ఇంకా సోడా నీళ్లలోనే ఉంది, పాట ఆగితే ఎప్పుడు తీయాలో తెలియదు. మిగిలిన సగం యాకోబు పాడాడు, రాగం లేకుండా, మాట వెనక మాట. కడిగి నీళ్లు పోస్తే పొర ఎక్కడా తెగలేదు.

కరణ్‌కోట దారిలోని సమాధుల తోటలో నీలం రంగు పట్టించిన ఆ రేకును బిగించారు. ప్రార్థన అయ్యి అందరూ ఆటో ఎక్కుతుంటే యాకోబు కదల్లేదు.

"మీరు పోండి బిడ్డా. నేను జరసేపు కూసుంట."

ప్రియదర్శిని ఆటోను పంపేసి వచ్చి అతని పక్కన కూర్చుంది.