దానంతట అది ముందుకొచ్చిన టేబుల్

దయ్యాల కథలు చదవడం నాకు ఇష్టమే కానీ, ఒక్కదాన్నీ నమ్మింది లేదు. హాస్టల్లో అమ్మాయిలు భయపడుతూ చెప్పుకుంటుంటే, నేను దుప్పట్లో టార్చి పెట్టుకుని వేరే పుస్తకం చదువుకునేదాన్ని. ఈ సంగతి కూడా డైరీలో రాసుకుని ఊరుకున్నాను. ఇన్నాళ్ళకు బయట చెబుతున్నాను.

రేణిగుంట రోడ్డులో ఒక చిన్న షెడ్డులో నా ఉద్యోగం. ప్యాకింగులో చేరిన నాకు, ఇనుప పీసుల్లో గాడులు కోసే పాత మిల్లింగ్ మెషిన్ నేర్పింది అక్కడే ముసలివాడైన మెకానిక్ మునిరత్నం తాత. ఏ రిపేరైనా ముందు హ్యాండిల్ తిప్పి, పీసును బిగించే టేబుల్‌ను పూర్తిగా తన వైపుకు తెచ్చుకునేవాడు. "ఈడికి తెచ్చుకోని సూడు పాపా. దూరంగా ఉండేదాన్ని ఏం సూస్తావు?" అనేవాడు. పోయినేడు వేసవిలో ఆయన చనిపోయాడు. మెషిన్ నా చేతికొచ్చింది.

దసరా అయిన వారానికి అది మొరాయించింది. టేబుల్‌ను ఎడమ నుంచి కుడికి నడిపి గాడి కోస్తుంటే, ముందుకీ వెనక్కీ కదలకుండా లాక్ బిగించి ఉన్నా, అటే వెంట్రుకవాసి జరిగేది. గాడి వంకరపోయేది. మూడు రోజులు పీసులన్నీ రిజెక్ట్.

నాలుగో రోజు పొద్దున్నే ఓనర్ వచ్చి మెషిన్ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ ముసిల్దానికి నువ్వొక్కదానివే వత్తాసు. సాయంత్రం లోపల కనుక్కో మా. లేదంటే అది పాత ఇనుముకి, నువ్వు ప్యాకింగుకి."

నవ్వుతూనే అన్నాడు. పాత ఇనుము లారీకి ఫోన్ కూడా చేశాడు. "సరే సార్" అన్నాను.

స్క్రూలు బిగించాను. నట్టు వదులుగా ఆడుతోందేమో చూశాను. వెంట్రుకవాసి కదలికనూ చూపే డయల్ గేజి పెడితే, దాని ముల్లు మళ్ళీ కదిలింది. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళారు. నేను మెయిన్ స్విచ్ ఆపి, లాక్ వదులు చేసి, స్టూలు మీద కూర్చుని చేసిన పనులన్నీ డైరీలో వరసగా రాసుకుంటున్నాను.

హ్యాండిల్ తిరిగింది.

తీరిగ్గా, ఎవరో తిప్పుతున్నట్టే. టేబుల్ నా వైపుకు వచ్చి, డైరీ అంచుకు ఆనుకుని ఆగింది. నాకు భయం కూడా వెంటనే వేయలేదు.

అది జారే ఇనుప పట్టాల మీద, టేబుల్ ముందుకొస్తే తప్ప కనపడని చోట, ఎర్రటి పొర గట్టిపడి ఉంది. ఆయుధపూజ రోజు తుడవడానికి టేబుల్ ముందుకు తెచ్చినప్పుడు గంధం, కుంకుమ అక్కడ పూసింది నేనే. లాక్ ఇనుమును కాదు, ఆ పొరను పట్టుకుని జారుతోంది. పని ఆగిన చోటే వెతికాను కానీ, తాత చెప్పిన మొదటి పనే నేను చేయలేదు.

కిరోసిన్‌తో తుడిచి, నూనె రాసి, లాక్ బిగించాను. ముల్లు కదల్లేదు.

"ఏముండాది మా ఆడ?" అన్నాడు ఓనర్.

"కుంకుమ సార్."

"దేవుడికి పెట్టమంటే పట్టాలకు పూస్తివా తల్లీ" అని లారీని వెనక్కి పంపేశాడు.

తర్వాత ఒకరోజు లాక్ వదులు చేసి, ఇద్దరి చేత టేబుల్‌ను తోయించి చూశాను. కదల్లేదు. హ్యాండిల్ తిప్పితే తప్ప అది రాదు. ఆ హ్యాండిల్‌కు నా రెండు చేతులూ కావాలి.

ఇప్పటికీ ఆ మెషిన్ మీదే ఉన్నాను. ఆ రోజు పేజీలో చేసిన పనుల వరస అలాగే ఉంది. అందులో చివరిది, టేబుల్ ముందుకు తెచ్చి చూడటం. రాసింది నేనే కానీ, చేసింది నేను కాదు. ఎవరు చేశారో తెలియదు. అయినా దాని కింద "థాంక్స్ తాతా" అని రాసుకున్నాను.