కెన్ అంకుల్ వెదురు గాలం, అమ్మ చేపల పులుసు

నా చిన్నప్పుడు, దేశంకాని దేశంలో, మా బ్లాక్‌టౌన్ ఇంట్లో పొయ్యి మీద తాలింపు చిటపటలాడితే చాలు, అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తేది... తమ్ముడు కడుపులో ఉన్న రోజులవి. అన్నం సహించదు, చారు సహించదు, చివరికి మంచినీళ్ళు కూడా వాసనొస్తున్నాయనేది.

"ఏటి చేప దొరికితే బాగుండునండీ... పులుసు పెట్టుకుంటే నాలుగు ముద్దలు దిగుతాయేమో," అంది ఒకరోజు నాన్నతో.

కోనసీమ మనిషి మరి. షాపు నుంచి ఐసులో గడ్డకట్టిన చేప తెస్తే, ప్యాకెట్ విప్పకముందే వద్దనేసింది. నాన్నకేమో ఊపిరి సలపని పని. అది వై2కె గొడవ నడుస్తున్న ఏడాది. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మూలపడతాయని అందరూ హడలిపోతుంటే, ఆ గండం గట్టెక్కించడానికి శని, ఆదివారాలు కూడా ఆఫీసులోనే ఉండేవాడు. "లోకాన్ని కాపాడుతున్నారు గానీ ఇంటికో చేప తేలేరు," అని అమ్మ వేళాకోళం చేసేది.

పక్కింట్లో కెన్ అంకుల్ ఉండేవారు. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన, ఒక్కరే. ఒక సాయంత్రం ఆయన వరండాలో గాలం కర్ర తుడుచుకుంటుంటే నాన్న కంచె దగ్గర ఆగిపోయాడు. వెదురుని సన్నటి చీలికలు చేసి, మళ్ళీ ఒక్కటిగా అతికించి, ఎర్రటి పట్టుదారం చుట్టి, తేనెరంగు వార్నిష్ వేసిన కర్ర. వాళ్ళ నాన్నదట. మా ఊళ్ళో కాలవ గట్టున నాకూ వెదురు గాలం ఉండేదని నాన్న అన్నాడో లేదో, ఆదివారం ట్రౌట్ చేపలకి వెళ్తున్నా, రమ్మన్నారాయన.

నాన్న ఎలాగో సెలవు సంపాదించాడు. నేనూ వస్తానని మారాం చేశాను. మేం బయల్దేరుతుంటే అమ్మ చింతపండు నానబెట్టడానికి గిన్నె వెతుకుతోంది. ఎన్నాళ్ళకో ఆ మొహంలో ఆకలి కనిపించింది...

బ్లూ మౌంటెన్స్ దాటి ఒబెరాన్ అనే ఊరి వైపు, పచ్చిక మధ్యలో చిన్న ఏరు. అక్టోబర్ అంటే అక్కడ వసంతం, అయినా చలి. నాన్న మంకీ క్యాప్ పెట్టుకుని ఎర ఏదని అడిగాడు. కెన్ అంకుల్ అరచేతిలో చూపించారు... ఈకలూ దారం చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ.

"ఈకముక్కని చూసి ఏ చేపైనా మోసపోతుందేంటే?" అని నాన్న నా చెవిలో గొణిగాడు.

మోసపోయింది. దారం ఆయన తల మీదుగా వెనక్కి, ముందుకి ఊగి, ఈగ నీళ్ళ మీద మెల్లిగా వాలింది. కాసేపటికే ఒళ్ళంతా చుక్కలున్న ట్రౌట్ ఆయన చేతివలలోకొచ్చింది. ఆయన చేతులు తడుపుకుని, దాన్ని పసిపిల్లలా పట్టుకుని, కొక్కెం తీసి... మళ్ళీ నీళ్ళలోకి వదిలేశారు.

"అయ్యో, జారిపోయింది పాపం," అన్నాడు నాన్న.

రెండోదీ అలాగే వదిలేశాక అర్థమైంది. పట్టడం, చూసుకోవడం, వదిలేయడం... అదీ ఆయన పద్ధతి.

"మనకి కావాలని అడుగు నాన్నా," అన్నాను.

"తప్పే... ఆయన కారు, ఆయన కర్ర. ఏమని అడుగుతాం? ఏమనుకుంటాడో."

మా నాన్న మొహమాటం అలాంటిది. చుట్టాలింట్లో ఆకలితో ఉండి కూడా విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టే రకం.

చివరికి నాన్న చేతికి కర్ర వచ్చింది. ఈగ ముందు మంకీ క్యాప్‌కి, తర్వాత పొదకి పట్టుకుంది. కానీ ఎప్పటికో దారం బిగిసింది. "ఈజీ, మేట్, ఈజీ!" అని కెన్ అంకుల్ అరుస్తూనే ఉన్నారు, నాన్న మాత్రం కాలవ గట్టు అలవాటు కొద్దీ ఒక్క లాగు లాగాడు. చేప మా తలల మీదుగా ఎగిరి వెనక గడ్డిలో పడింది. ఆ కర్ర విరగకపోవడం మా అదృష్టం.

కెన్ అంకుల్ చేతులు తడుపుకుని, చేపని తీసుకుని, ఏటి వైపు నడిచారు. నాన్నకి ఇంగ్లీషు మొత్తం ఎగిరిపోయింది.

"వద్దండీ! వదలద్దు! మా ఆవిడ పొద్దుట్నించీ ఏం తినలేదు!" అని తెలుగులో కేకేశాడు.

ఆయన తెల్లబోయి నా వైపు చూశారు. నేనే ఇంగ్లీషులో చెప్పాను... అమ్మకి పాపాయి పుట్టబోతోంది, ఏదీ తినలేకపోతోంది, చేప మాత్రం కావాలంటోంది అని.

"వై డిడ్న్ట్ యూ సే సో, మేట్?" అన్నారాయన, కాస్త కోపంగానే. ఎండ దిగేదాకా నిలబడి ఇంకో రెండు పట్టి, తడి న్యూస్‌పేపర్లో చుట్టి నా ఒళ్ళో పెట్టారు.

ఆ రాత్రి అమ్మ, ఊరి నుంచి చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న మట్టిదాకలో పులుసు పెట్టింది. మారు అన్నం వడ్డించుకుంది. నాన్న తినడం మానేసి అమ్మనే చూస్తూ కూర్చున్నాడు. నాకెందుకో ఏడుపొచ్చింది... పక్కింటికీ ఒక గిన్నె వెళ్ళింది. కారానికి ముక్కు తుడుచుకుంటూనే అంతా తిన్నారట కెన్ అంకుల్.

అప్పట్నించి ఆయన ఏటికి వెళ్ళినప్పుడల్లా మా గుమ్మంలో న్యూస్‌పేపర్ పొట్లం ఉండేది. "ఫర్ ది బేబీ" అనేవారు. తమ్ముడు పుట్టాక ఆయన మళ్ళీ చేపల్ని వదిలేయడం మొదలుపెట్టారు.

ఇప్పుడు కెన్ అంకుల్ లేరు. ఆ వెదురు గాలం తమ్ముడి దగ్గరుంది, ఆయనే ఇచ్చి వెళ్ళారు. వాడూ పట్టి వదిలేసి, ఫోటో తెచ్చి చూపిస్తాడు. "ఫోటోని పులుసు పెట్టమంటావురా?" అని అమ్మ విసుక్కుంటుంది. అయినా వాడు ఏటికి వెళ్ళిన రోజు చింతపండు నానబెడుతూనే ఉంటుంది.

నేనేమో కొత్తగా కట్టిన ఇళ్ళ ఎస్టేట్‌లో ఉంటున్నాను. ఇక్కడ గరాజ్ తలుపు తెరుచుకుంటుంది, కారు లోపలికెళ్తుంది, తలుపు పడిపోతుంది. మొన్న పక్కింటి అమ్మాయి ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తుకు రావడం చూశాను. ఏం తినాలనుందమ్మా అని అడుగుదామని కంచె దాకా వెళ్ళి, ఏమనుకుంటుందోనని వెనక్కొచ్చేశాను...

మీ పక్కింట్లోనూ ఒక కెన్ అంకుల్ ఉండేవారా? ఉంటే చెప్పండి. వింటే నాకూ కంచె దగ్గరికి మళ్ళీ వెళ్ళే ధైర్యం వస్తుందేమో...