రీమ్‌కు మాట రాదన్నారు

చాంద్రాయణగుట్టలోని చిన్న ప్రైవేటు బళ్లన్నిటికీ కళావతి తెలుసు. పిల్లలకు మాట ఎంతవరకు వచ్చో పరీక్షించి చెప్పడం ఆమె పని. సంతోష్‌నగర్ నుంచి స్కూటీ మీద వస్తుంది. కుర్చీ వేసినా కూర్చోదు, పిల్లలతో పాటు చాప మీదే.

ఆ రోజు రీమ్‌ను చూపించారు. రియాద్‌లో పుట్టి పెరిగిన ఏడేళ్ల పిల్ల. ఇంట్లో అరబ్బీ, అక్కడి బడిలో ఇంగ్లీషు. తండ్రి అక్కడే ఉండిపోగా, తల్లి సలీమా పిల్లను తీసుకుని బార్కస్‌లోని పుట్టింటికి వచ్చింది. రెండో తరగతిలో చేరి నెల దాటినా రీమ్ నోరు విప్పలేదు.

"యూకేజీల ఏస్తం మేడం. మీరు సంతకం పెడ్తే తల్లికి నచ్చజెప్తం," అన్నాడు హెడ్మాస్టర్ ప్రేమ్‌రాజ్.

"ముందు పిల్లను చూడనియ్యండి సార్."

ప్రేమ్‌రాజ్ బయటికి వెళ్లాక కళావతి బొమ్మలు చూపించింది. "యాపిల్, కార్" అని రీమ్ ఆగిపోయింది. కథ చెప్పమంటే పక్కనే కూర్చున్న తల్లి వైపు చూసింది.

"అరబ్బీల చెప్పుమనమ్మా," అంది కళావతి.

సలీమా తల దించుకుంది. "వద్దని నేనే చెప్పిన మేడం. అరబ్బీ మాట్లాడితే సీటు పోతదని ఫికరైంది."

"సగం నోరు కట్టేసి మాట్లాడుమంటే ఎట్ల మాట్లాడతదమ్మా?"

ఆ భయం సలీమాలో ఊరికే పుట్టలేదు. ఇంగ్లీషులో తడబడిన పిల్లను మందబుద్ధి అనేసే బళ్లే పుట్టించాయి. రెండు భాషల పిల్లను ఒక్క భాషలో కొలవడం అన్యాయమని కళావతి ఎక్కడైనా మొహం మీదే అంటుంది.

బొమ్మలు పక్కన పెట్టి, నాన్నకు వాయిస్ మెసేజ్ పెట్టమంది. ఏ భాషైనా సరే. రీమ్ ఫోన్ పట్టుకుని గోడ వైపు తిరిగింది. ఇక ఆగలేదు. అరబ్బీ, మధ్యలో ఇంగ్లీషు, మళ్లీ అరబ్బీ. సలీమా ముఖం ఎర్రబడింది.

"ఏమంటుంది?"

"ఏం లేదు మేడం."

"ఉన్నదున్నట్టు చెప్పమ్మా. పరీక్ష నీకు కాదు."

"ఈ మేడం ఇంత పెద్దగైంది, యాపిలంటే ఏందో తెల్వదట. తను చెప్పినంక గూడ నమ్మకం కుదరక కారు సంగతి అడిగిందట. హెడ్మాస్టరేమో తలుపు ఎనక దాక్కొని ఇంటున్నడట, బూట్లు కనపడుతున్నయట."

కళావతి పడీపడీ నవ్వింది. తలుపు వెనక ప్రేమ్‌రాజ్ దగ్గాడు.

"ఇది యూకేజీ పిల్ల మాటేనా సార్?"

"అరబ్బీ మాకెవ్వరికి వస్తది మేడం?"

"మనకు రాదు. దానికి పిల్లనెందుకు కింది క్లాసుకు దించాలె? బార్కస్‌ల అరబ్బీ టీచరుకు గూడ ఇది వినిపిస్త. ఇంగ్లీషుకు కొంచెం సాయం చేద్దాం, చాలు."

ప్రేమ్‌రాజ్ తలుపు దాటి లోపలికొచ్చాడు. "సరే, రెండో తరగతిలనే ఉండనియ్యండి. గని నా గురించి ఇంకేమన్నదో చెప్పుమనండి."

సలీమా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చెప్పనంటే చెప్పనంది.